‘చదవబుద్ధి కావడం లేదు’ అనే విద్యార్థికి ఏం చెప్పాలి?

సంపాదకులకు నమస్కారం.

పరీక్షలు దగ్గరపడితే చాలు, పత్రికల్లో విద్యా పేజీలు స్ఫూర్తి మాటలతో నిండిపోతాయి. పట్టుదల ఉండాలి, లక్ష్యం పెద్దది పెట్టుకోవాలి, ఇష్టపడి చదవాలి. వీటిలో తప్పు మాట ఒక్కటీ లేదు. కానీ పుస్తకం ముందేసుకుని అరగంటగా అదే పేజీ చూస్తున్న పిల్లవాడు వచ్చే పది నిమిషాల్లో ఏం చేయాలో వీటిలో ఏదీ చెప్పదు. ఆ లోటు గురించే ఈ ఉత్తరం.

ఆసక్తి ముందు పుట్టాలి, ఆ తర్వాత చదువు సాగుతుందని మనందరి నమ్మకం. చాలామంది విషయంలో జరిగేది దీనికి తలకిందులు. కూర్చున్నాక, కాస్త అర్థమయ్యాక, నిన్న రానిది ఇవాళ వచ్చిందని కంటికి కనిపించాక ఆసక్తి మొదలవుతుంది. అందుకే మూడ్ వచ్చేదాకా ఆగినవాళ్లు ఆగుతూనే ఉంటారు. సరిచేయాల్సింది పనిని అమర్చుకునే తీరు. అదృష్టవశాత్తూ అది ఎవరికైనా నేర్పగలిగిన విద్య.

‘చదవబుద్ధి కావడం లేదు’ అనే ఒక్క మాట వెనక కనీసం ఐదు వేర్వేరు ఫిర్యాదులుంటాయి. పాఠం అర్థం కాకపోవడం ఒకటి. అర్థమైనా, ఎక్కణ్నుంచి మొదలుపెట్టాలో తోచనంత పెద్దదిగా కనిపించడం ఇంకొకటి. చదివినదంతా మర్నాటికి మాయమైపోతుంటే ఎందుకీ శ్రమ అనిపించడం మూడోది. నిద్ర చాలకపోవడం నాలుగోది. అన్నీ బాగానే ఉండి, అసలీ చదువు తనకెందుకో తెలియకపోవడం ఐదోది. కీలెరిగి వాత పెట్టాలంటారు. ఐదింటికీ కలిపి ‘పట్టుదల పెంచుకో’ అంటే ఒక్కటీ నయం కాదు. పైగా తనలో పట్టుదల లేదన్న బెంగ ఆరోదై కూర్చుంటుంది.

ఏది అసలు కారణమో తెలుసుకోవడానికి పావుగంట చాలు. ఇబ్బంది పెడుతున్న సబ్జెక్టులో ఒక పేజీ నెమ్మదిగా చదవాలి. పుస్తకం మూసి, అందులో ఏముందో సొంత మాటల్లో నాలుగు వాక్యాలు రాయాలి. చదువుతుండగానే అడ్డు తగిలితే లోపం పునాదిలో ఉంది. చదివేటప్పుడు అంతా తెలిసినట్టే ఉండి, రాయబోతే ఏమీ రాకపోతే లోపం చదివే పద్ధతిలో ఉంది. నాలుగు వాక్యాలూ చక్కగా వచ్చి, అయినా రోజంతా ఆ పుస్తకం ముట్టుకోలేదంటే పని పరిమాణం చూసుకోవాలి. రెండు పేరాలు దాటకముందే తల వాలిపోతే రాత్రి నిద్ర ఎంతో అడగాలి.

వీటిలో పునాది లోపాన్ని పెద్దలు ఎక్కువగా బద్ధకమని పొరబడతారు. రసాయనశాస్త్రంలో మోల్ లెక్కలంటే పారిపోయే విద్యార్థికి చాలాసార్లు రసాయనశాస్త్రంతో పేచీ ఉండదు. నిష్పత్తి, అనుపాతం సరిగ్గా పట్టుబడి ఉండవు. త్రికోణమితి సర్వసమీకరణాలు రావడం లేదనేవాళ్లలో చాలామంది నిజానికి బీజగణితంలో భిన్నాలు కలిపే చోట జారుతుంటారు. చలనం పాఠంలో గ్రాఫులు భయపెడుతుంటే, రేఖ వాలు అంటే ఏమిటో లెక్కల్లోనే వదిలేసి ఉంటారు. చరిత్ర చదవలేనివాళ్లలో కొందరి అసలు సమస్య భాష. పేజీకి పది తెలియని మాటలు తగులుతుంటే ఎంత ఓపికున్నవాడైనా మూడో పేజీలో మూసేస్తాడు.

లోపం ఎక్కడుందో పట్టుకోవడానికి పుస్తకంలోనే చేసి చూపిన ఉదాహరణ లెక్క తీసుకోవాలి. ఒక్కో మెట్టు దగ్గర ఆగి ‘పై మెట్టు నుంచి ఇది ఎలా వచ్చింది?’ అని అడగాలి. జవాబు చెప్పలేని మెట్టు పక్కన పెన్సిలుతో గీత పెట్టాలి. ఇలా నాలుగైదు లెక్కలు చూస్తే గీతలన్నీ ఇంచుమించు ఒకే రకం మెట్టు దగ్గర పడటం కనిపిస్తుంది. ఆ ఒక్క విషయం కోసం కింది తరగతి పుస్తకం తెరిచి, రోజుకు అరగంట చొప్పున వారం పాటు అవే లెక్కలు చేయాలి. పెద్ద తరగతికొచ్చి చిన్న తరగతి పుస్తకం పట్టుకోవడం చాలామందికి నామోషీ. ఆ నామోషీ పోగొట్టడం పెద్దల పని. ‘ఇది కూడా రాదా’ అని ఇంట్లో ఒక్కరన్నా చాలు, ఆ పుస్తకం మళ్లీ తెరుచుకోదు. అర్థంకానిదాన్ని ఇష్టపడమని పిల్లల్ని అడగడం అన్యాయం.

ఇక పని పరిమాణం. మనస్తత్వవేత్తలు బందూరా, షుంక్ 1981లో ప్రచురించిన ప్రయోగం ఒకటి ప్రతి ఉపాధ్యాయుడూ తెలుసుకోదగ్గది. తీసివేతలు రాక, లెక్కలంటే ఆసక్తి లేని పిల్లలకు ఏడు సిట్టింగుల్లో చేయాల్సిన 42 పేజీల అభ్యాసాలు ఇచ్చారు. కొందరికి ‘సిట్టింగుకు ఆరు పేజీలు’ అని సూచించారు. కొందరికి ‘అంతా అయ్యేసరికి 42 పేజీలు’ అన్నారు. కొందరికి ఏ లక్ష్యమూ చెప్పలేదు. ఆరేసి పేజీల పిల్లలు లెక్కలూ బాగా నేర్చారు, తాము చేయగలమన్న నమ్మకమూ పెంచుకున్నారు, అంతకుముందు లేని ఆసక్తీ కనబరిచారు. 42 పేజీలని విన్నవాళ్లకు ఆ లక్ష్యం వల్ల ఒరిగిందేమీ కనిపించలేదు. పేజీలు అవే, పిల్లలూ అలాంటివాళ్లే. దూరంగా ఉన్న లక్ష్యం ఇవాళ ఎంత ముందుకొచ్చామో చెప్పలేదు. దగ్గరి లక్ష్యం గంటలోనే చెబుతుంది. పెద్ద లక్ష్యం పెట్టుకోమని ఊదరగొట్టే మనం ఆలోచించాల్సిన సంగతి ఇది.

కాబట్టి రోజు పనిని రాసుకునే తీరు మారాలి. ‘ఫిజిక్స్ చదవాలి’ అన్నది పని కిందికి రాదు, ఎప్పటికైందో చెప్పలేం గనక. ‘కటకాల సూత్రం మీద మూడు లెక్కలు పుస్తకం మూసి చేయాలి’ అన్నది పని. అందులో చేయాల్సిందేమిటో ఉంది, ఎంతో ఉంది, ఎక్కడ ముగుస్తుందో ఉంది. రోజుకు ఇలాంటివి నాలుగైదుకు మించి రాయకూడదు. మొదటిది ఐదు నిమిషాల్లో అయిపోయేంత చిన్నది కావాలి. నిన్న చదివిన పాఠంలో గుర్తున్న ఐదు విషయాలు కాగితం మీద పెట్టడం చాలు. కూర్చోవడానికి ముందున్నంత అయిష్టం కూర్చున్న పది నిమిషాలకు ఉండదు గనక, మొదటి మెట్టు ఎంత చిన్నదైతే అంత మంచిది. లేచేముందు మర్నాటి మొదటి పని ఏమిటో రాసి, పుస్తకం ఆ పేజీ దగ్గరే తెరిచి పెట్టి లేస్తే, రేపు ‘ఏం చదవాలి’ అన్న తర్జనభర్జన ఉండదు. చదువుకు పోవాల్సిన ఓపిక ఎక్కువగా ఆ తర్జనభర్జనలోనే ఖర్చవుతుంది.

‘సాయంత్రం చదువుతా’ అనే మాట కన్నా ‘స్నానం కాగానే, కిటికీ పక్క బల్ల దగ్గర కూర్చుని, నిన్నటి ఐదు విషయాలు రాస్తా’ అనే మాట నిలుస్తుంది. ఎప్పుడు, ఎక్కడ, ఎలా అన్న మూడూ ముందే తేల్చుకుంటే అనుకున్న పని జరిగే అవకాశం బాగా పెరుగుతుందని గోల్విట్జర్ అనే జర్మన్ మనస్తత్వవేత్త 1990ల నుంచీ చేసిన పరిశోధనలు చూపించాయి. అడ్డంకులకూ ఇలాగే ముందు జవాబు రాసుకోవాలి. ‘లెక్క పది నిమిషాల్లో తెగకపోతే, ఎక్కడ ఆగిందో ఒక వాక్యంలో రాసి తర్వాతి లెక్కకు పోతాను’ అన్నదొకటి అలవాటైతే చాలు. ఒకే లెక్క దగ్గర గంటసేపు కూరుకుపోయి, విసుగుతో లేచిపోయే రోజులు తగ్గుతాయి. ఆగిన చోటు రాసి పెట్టుకుంటే మాస్టారిని అడగడానికి డౌటు కూడా సిద్ధంగా ఉంటుంది.

టైంటేబుళ్ల గురించి కాస్త ఎక్కువే చెప్పాలి. అందంగా రంగులు వేసి గోడకు అంటించిన టైంటేబుల్ మూడో రోజుకు ఎందుకు మూలపడుతుంది? అందులో ఉన్న గంటలు కోరికలే తప్ప కొలతలు కావు. 1994లో బ్యూలర్, గ్రిఫిన్, రాస్ అనే పరిశోధకులు డిగ్రీ చివర్లో పరిశోధన వ్యాసం రాస్తున్న విద్యార్థులను ఎన్ని రోజుల్లో ముగిస్తారని అడిగారు. సగటున 33.9 రోజులని జవాబొచ్చింది. నిజంగా పట్టింది 55.5 రోజులు. తెలివైన విద్యార్థులే ఇలా లెక్క తప్పుతున్నప్పుడు మన పిల్లవాడు ‘గంటకో చాప్టర్’ అని రాసుకోవడంలో వింతేముంది? మొదటి రోజే వెనకబడతాడు, రెండో రోజు నిన్నటి బాకీ కలుస్తుంది, మూడో రోజు టైంటేబుల్ వంక చూడాలంటేనే మనసొప్పదు.

దీనికి మందు కొలవడమే. ఒక సబ్జెక్టులో పది పేజీలు చదివి గుర్తు తెచ్చుకుని రాయడానికి ఎంతసేపు పడుతోందో మూడుసార్లు గడియారం పెట్టి చూడాలి. వచ్చిన సగటును ఒకటిన్నరతో గుణించి టైంటేబుల్లో వేయాలి. వారంలో ఒక పూట పూర్తిగా ఖాళీ వదలాలి. ఆ పూట వెనకబడిన పని కోసమే, కొత్త పాఠం కోసం కాదు. ఏ వారమైనా వెనకబాటు లేకపోతే ఆ పూట ఆడుకోవాలి, చదవకూడదు. ఇది కచ్చితంగా పాటించాలి. తొందరగా పని ముగించినందుకు ఇంకో పని నెత్తిన పడుతుందని తెలిస్తే పిల్లలు ముగించడమే మానేస్తారు.

ఒక రోజు తప్పితే అలవాటంతా పోయినట్టేనని భయపడేవాళ్లున్నారు. ‘21 రోజుల్లో అలవాటవుతుంది’ అన్న మాట కూడా బాగా ప్రచారంలో ఉంది. లండన్‌లో లాలీ అనే పరిశోధకురాలి బృందం 96 మందిని గమనించి 2010లో ప్రచురించిన అధ్యయనంలో, ఒక పని అలవాటుగా స్థిరపడటానికి మధ్యస్థంగా 66 రోజులు పట్టింది. మనిషిని బట్టి, పనిని బట్టి అది 18 రోజుల నుంచి 254 రోజుల దాకా ఉంది. అవి కూడా రోజూ నీళ్లు తాగడం, పండు తినడం, కాసేపు వ్యాయామం చేయడంలాంటి పనులు. చదువు వాటికన్నా కష్టమైనదే. కాబట్టి 22వ రోజున కూడా కూర్చోవడానికి బరువుగా ఉంటే తనలో ఏదో లోపం ఉందని విద్యార్థి అనుకోనక్కర్లేదు. అదే అధ్యయనంలో ఇంకో సంగతి కూడా తేలింది. మధ్యలో ఒక్కసారి తప్పినంత మాత్రాన అలవాటు ఏర్పడటం చెప్పుకోదగినంతగా దెబ్బతినలేదు. దెబ్బతీసేది ఆ తర్వాత వచ్చే ‘ఎలాగూ పోయింది’ అన్న నిస్పృహ. మొదటి పరీక్షకు చదువు వాయిదా వేసినందుకు తమను తాము క్షమించుకున్న విద్యార్థులు తర్వాతి పరీక్షకు తక్కువ వాయిదా వేశారని 2010లోనే మరో అధ్యయనం చెప్పింది. తప్పిన రోజు గురించి ఇంట్లో గంటసేపు క్లాసు పీకే తల్లిదండ్రులు దీన్ని గుర్తుపెట్టుకోవాలని నా మనవి.

చదివే పద్ధతికీ ఉత్సాహానికీ ఉన్న సంబంధాన్ని మన విద్యా పేజీలు దాదాపు పట్టించుకోవు. పాఠాన్ని నాలుగుసార్లు చదివితే ప్రతిసారీ ఇంకాస్త తేలిగ్గా సాగుతుంది. ఆ తేలికను విద్యార్థి ‘వచ్చేసింది’ అనుకుంటాడు. పరీక్షలో కలం కదలదు. ఇలా రెండుసార్లు జరిగితే ‘ఎంత చదివినా నాకు రాదు’ అని తీర్మానించుకుంటాడు. చదివినా ఫలం లేనప్పుడు చదవబుద్ధి ఎలా అవుతుంది?

రోడిగర్, కార్పికే అనే మనస్తత్వవేత్తలు 2006లో కాలేజీ విద్యార్థులకు ఒక గద్యభాగం చదవడానికి ఏడు నిమిషాలిచ్చారు. తర్వాతి ఏడు నిమిషాల్లో ఒక వర్గం దాన్నే మళ్లీ చదివింది, రెండో వర్గం చూడకుండా గుర్తున్నది రాసింది. ఐదు నిమిషాల తర్వాత పరీక్ష పెడితే మళ్లీ చదివినవాళ్లదే పైచేయి: 81 శాతం, 75 శాతం. వారం తర్వాత పెడితే వాళ్లకు 42 శాతమే గుర్తుంది, రాసినవాళ్లకు 56 శాతం. పరీక్ష ఎప్పుడూ ఐదు నిమిషాల్లో రాదు కదా.

అందుచేత ఇరవై నిమిషాలు చదివాక పుస్తకం మూసి, తెల్లకాగితం మీద ఐదారు నిమిషాలు గుర్తున్నదంతా రాయాలి. వరుస తప్పినా ఫరవాలేదు. తర్వాత పుస్తకం తెరిచి, వదిలేసినవి, తప్పు రాసినవి వేరే రంగు సిరాతో చేర్చాలి. ఆ వేరే రంగు చోట్లు మాత్రమే మళ్లీ చదవాలి. మర్నాడు ఒకసారి, మూడు నాలుగు రోజులకు ఒకసారి, వారం పది రోజులకు ఇంకోసారి అదే పాఠం మీద కొత్త కాగితం తీసుకోవాలి. చదివింది మొదటి గంటల్లో, మొదటి రోజుల్లో ఎక్కువగా జారిపోతుందనీ, ఎడమిచ్చి చదివితే తక్కువ శ్రమతో నిలుస్తుందనీ జర్మన్ మనస్తత్వవేత్త ఎబింగ్‌హౌస్ 1885లోనే రాశాడు. కాగితం మీద అంతా వచ్చేస్తుంటే ఎడం ఇంకా పెంచవచ్చు. సగం కూడా రాకపోతే ఎడం ఎక్కువైనట్టు.

లెక్కలకైతే జవాబు మీద కాగితం కప్పి, ఒక్కో మెట్టూ తానే వేసి, తర్వాత కాగితం కిందికి జరిపి చూసుకోవాలి. ఒకే రకం లెక్కలు ఇరవై వరుసగా చేస్తే చేయి తిరుగుతుంది గానీ ఏ లెక్కకు ఏ సూత్రమో ఎంచుకోవడం రాదు. నాలుగు రకాలు కలిపి చేయాలి. పంక్తుల కింద రంగు గీతలు గీయడం చదివినట్టు కనిపించే పని. దాని మీద నమ్మకం పెట్టుకోవద్దు.

ఒక హెచ్చరిక. గుర్తు తెచ్చుకుని రాసే పద్ధతి మొదట్లో చేదుగా ఉంటుంది. మొదటి కాగితం సగం ఖాళీగా కనిపిస్తుంది. ముందే చెప్పకపోతే చాలామంది అక్కడే మానేసి మళ్లీ మళ్లీ చదివే హాయైన పద్ధతికి తిరిగిపోతారు. ఆ తడుముకోవడంలోనే జ్ఞాపకం గట్టిపడుతోందని వాళ్లకు ముందుగా తెలియాలి. కాగితాలన్నీ తేదీ వేసి ఒక ఫైల్లో పెట్టాలి. ఒకే పాఠం మీద మొదటి కాగితంలో వేరే రంగు ఎంతుందో, మూడో కాగితంలో ఎంతుందో పక్కపక్కన పెట్టి చూసుకున్న విద్యార్థికి స్ఫూర్తి ప్రసంగంతో పని ఉండదు.

ఫోన్ సంగతి క్లుప్తంగా చెబుతాను. జేబులో పెట్టుకుని చూడకుండా ఉండటం నిగ్రహానికి పరీక్ష. పక్క గదిలో పెట్టి రావడం ఒక్క నిమిషం పని. రెండోదే చేయాలి. విరామంలో కూడా ఫోన్ వద్దు, ఐదు నిమిషాలనుకున్నది ఎప్పుడు ముగుస్తుందో మన చేతిలో ఉండదు కాబట్టి. లేచి నడవడం, నీళ్లు తాగడం చాలు. ఇరవై ఐదు నిమిషాల చదువు, ఐదు నిమిషాల విరామం అన్న పద్ధతి 1980ల చివర్లో ఫ్రాన్సెస్కో చిరిల్లో అనే ఇటలీ విద్యార్థి పెట్టుకున్నది. మొదలుపెట్టడమే కష్టమైనవాళ్లకు అది బాగా పనికొస్తుంది. వ్యాసం రాసేటప్పుడు, పెద్ద లెక్క మధ్యలో ఉన్నప్పుడు మాత్రం గంట మోగిందని లేవకూడదు. అలాంటి పనులకు యాభై నిమిషాలు పెట్టుకోవాలి.

13 నుంచి 18 ఏళ్ల వాళ్లకు రోజుకు 8 నుంచి 10 గంటల నిద్ర కావాలని నిద్ర వైద్య నిపుణుల సిఫారసు. చదివింది జ్ఞాపకంలో కుదురుకోవడానికి కూడా ఆ నిద్రే ఆధారం. అర్ధరాత్రి దాటాక చేసే చదువు మర్నాటి పగటి చదువును తినేస్తుంది. అయిదు గంటల నిద్రతో వచ్చిన అనాసక్తికి టైంటేబుల్ మార్చి లాభం లేదు.

బహుమతుల గురించి తల్లిదండ్రులకు ఒక మాట. 1973లో లెపర్, గ్రీన్, నిస్బెట్ అనే మనస్తత్వవేత్తలు బొమ్మలేయడమంటే ఇష్టపడే చిన్నపిల్లల మీద ప్రయోగం చేశారు. బొమ్మ వేస్తే సర్టిఫికెట్ ఇస్తామని ముందే ఆశ పెట్టిన పిల్లలు, ఆ తర్వాత ఖాళీ సమయంలో బొమ్మల మీద మిగతావాళ్లు గడిపినదానిలో సగం సమయమే గడిపారు. ముందు చెప్పకుండా ఇచ్చినవాళ్లలో ఆ తగ్గుదల లేదు. అసలు ఇష్టమే లేని పనిని మొదలుపెట్టించడానికి చిన్న బహుమతి తప్పు కాదు. కానీ ఇప్పటికే ఇష్టంగా చదువుతున్న సబ్జెక్టుకు ర్యాంకుకింత అని వెల కట్టవద్దు. మెచ్చుకునేటప్పుడు కూడా ‘తెలివైనవాడివి’ అనేకన్నా ‘మూడో మెట్టు దగ్గర తప్పు నువ్వే పట్టుకున్నావు’ అంటే ఏం చేస్తే ఫలించిందో వాడికి తెలుస్తుంది. ఏ సబ్జెక్టు ముందు, ఏది తర్వాత అన్న ఎంపికైనా పిల్లలకు వదిలేయాలి. తాము ఎంచుకున్న పనిని వాళ్లు సులువుగా వదలరు.

పైన చెప్పినవేవీ పనిచేయని సందర్భాలు రెండున్నాయి. కోర్సే తనది కాదని విద్యార్థి నెలల తరబడి అంటుంటే అది టైంటేబుల్‌తో తీరేది కాదు, కూర్చుని మాట్లాడాలి. రెండు వారాలు దాటినా చదువుతో పాటు ఆట, స్నేహితులు, తిండి దేనిమీదా మనసు లేకుండా, నిద్ర చెడి ఉంటే దాన్ని బద్ధకం ఖాతాలో వేయకుండా వైద్యుడి దగ్గరికి తీసుకెళ్లాలి. ఆలస్యం చేయవద్దు.

మీ పత్రికకు నా విన్నపం రెండు సంగతుల మీద. మంచి ర్యాంకులొచ్చినవారిని ఇంటర్వ్యూ చేసేటప్పుడు ‘రోజుకు ఎన్ని గంటలు చదివారు’ అన్న ప్రశ్న మానేయండి. ఏ పాఠం ఎంతకీ అర్థం కాలేదు, దాన్ని ఎలా విడదీసుకున్నారు, అనుకున్నట్టు సాగని వారంలో ఏం చేశారు, ఏ పద్ధతి పెట్టుకుని మానేశారు అని అడగండి. వాళ్లు నింపిన కాగితం ఒకటి, వేరే రంగు సిరా దిద్దుబాట్లతో సహా, ఫొటో తీసి వేయండి. రెండోది, విద్యా పేజీలో ఒక మూల ప్రతి వారం ఒక పాఠం మీద ఐదు ప్రశ్నలు వేయండి, జవాబులు అదే రోజు వేయకుండా మర్నాడు వేయండి. వారం తిరిగాక కొత్త ఐదింటి పక్కనే ఆ పాత ఐదు ప్రశ్నలనూ మళ్లీ అచ్చువేయండి. నెల తర్వాత ఇంకోసారి వేయండి. పాతవే మళ్లీ వేశారేమిటని పాఠకులు మొదట్లో అడుగుతారు. ఎందుకో రెండు వాక్యాల్లో ఆ మూలలోనే రాసి పెడితే సరిపోతుంది.

ఇట్లు,
చదువు చెప్పడమే వృత్తిగా ఉన్న ఒక పాఠకురాలు